పాపకి ఆర్‌ఎస్‌వి అన్నారు, మందు మాత్రం రాయలేదు. వైరస్‌కి నిజంగా మందే లేదా?

గుణుపూర్ నాన్న:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపూర్. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు కొట్టు నాది. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సంత రోజు నాలుగు సవర మాటలు. రాసేది కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

బాబుకి నాలుగేళ్ళు, పాపకి ఐదో నెల. దసరా సెలవుల్లో బాబుకి రొంప పట్టింది. చీమిడి తుడుచుకుంటూనే వీధంతా తిరిగాడు, జ్వరం కూడా పెద్దగా లేదు. మూడోనాటికి పాప ముక్కు కారడం మొదలైంది. పాలకి నోరు పెడుతుంది, రెండు గుక్కలు తాగుతుంది, ఊపిరందక వదిలేసి ఏడుస్తుంది. మా ఆవిడకి పాలు చాలడం లేదని అత్తమ్మ ఆమె చేత వాము నమిలించింది. పాపకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ దట్టంగా వేసింది. నాలుగోనాటి రాత్రికి పాప డొక్కలు ఎగరేస్తోంది. చెవి ఆనించకుండానే పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

మా వీధిలో సూదులేసే ఆయన ఒకటి పొడిచి, ఎర్ర మందొకటీ, నీళ్ళు కలుపుకునే యాంటీబయోటిక్ సీసా ఒకటీ ఇచ్చాడు. "నెమ్ము చేసింది, పొద్దుటికి తగ్గిపోద్ది" అన్నాడు. తగ్గలేదు. రాత్రి రెండింటికి మా బావమరిది కారు తీశాడు. కాశీనగర్ మీదుగా పర్లాకిమిడి, అక్కణ్ణించి పాతపట్నం దాటి శ్రీకాకుళం. దారి పొడుగునా మా ఆవిడ పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది.

ప్రైవేటు ఆసుపత్రిలో కాలివేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 86 చూపించింది. నాలుగు రోజులు ఉంచారు. ముక్కులోకి సన్న గొట్టాలతో ఆక్సిజన్, ఇంకో గొట్టంలోంచి పాలు. ముక్కులో పుల్ల పెట్టి తీసిన పరీక్షలో ఆర్‌ఎస్‌వి అనే వైరస్ వచ్చింది, జబ్బు పేరు బ్రాంకియోలైటిస్ అన్నారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయోటిక్ ఆపేయమన్నారు. ఇంటికి పంపేటప్పుడు చీటీలో రాసింది ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, జ్వరం వస్తే పారాసెటమాల్. అంతే. బిల్లు 27 వేలు.

అత్తమ్మ ఆ సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇరవై ఏడు వేలు పోసి ఉప్పునీళ్ళు కొనుక్కొచ్చారా?" అంది. ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తోంది.

పాప ఇప్పుడు నవ్వుతోంది, పాలు తాగుతోంది, దగ్గు మాత్రం పోలేదు. నా అనుమానాలు ఇవి. వైరస్‌కి మందు లేకపోతే అన్ని రోజులు అక్కడ ఏం చేసినట్టు? అన్నకి ఉత్త రొంప, చెల్లికి ఆక్సిజనా, అదే క్రిమి కదా? ఇది పాల ఉబ్బసంలా ఉండిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం ల్యాబ్:

అన్నా, నేను పరీక్షలు చేసే వాణ్ణి, డాక్టర్ని కాదు. నాకు తెలిసినంతవరకు చెప్తా.

ఆ పుల్లతో తీసిన దానికి పీసీఆర్ చేస్తారు. ఒకే నమూనాలో పది ఇరవై క్రిముల కోసం వెతకొచ్చు: ఆర్‌ఎస్‌వి, ఫ్లూ ఏ, బి, పారాఇన్‌ఫ్లుయెంజా నాలుగు రకాలు, ఎడినో, రైనో, మెటాన్యుమో, బోకా, కరోనా వైరస్‌లు. పిల్లల్లో నెమ్ముకి మూలం బాక్టీరియానే అని మనవాళ్ళ నమ్మకం. 2019లో లాన్సెట్ పత్రికలో పెర్చ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. ఆసియా, ఆఫ్రికాల్లోని 7 దేశాల్లో తీవ్రమైన న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన ఐదేళ్ళలోపు పిల్లల్ని చూశారు. హెచ్‌ఐవీ లేకుండా, ఎక్స్‌రేలో తేడా కనిపించిన పిల్లల్లో 61 శాతానికి కారణం వైరస్‌లేనని లెక్క తేల్చారు. బాక్టీరియా వాటా 27 శాతం. ఒక్క ఆర్‌ఎస్‌వీయే 31 శాతం. ఆ 7 దేశాల్లో మనది లేదు, బంగ్లాదేశ్ ఉంది.

ఈ ఆర్‌ఎస్‌విని మొదట 1956లో చింపాంజీల్లో పట్టుకున్నారు, వాటి రొంప క్రిమి అనుకున్నారు. మరుసటేడే పసిపిల్లల్లో దొరికింది. రెండేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి పిల్లకీ ఒకసారైనా తగులుతుంది. 2025 జనవరిలో టీవీలవాళ్ళు "కొత్త వైరస్" అని ఊదరగొట్టిన హెచ్ఎంపీవీ, అంటే పైన చెప్పిన మెటాన్యుమో, దీనికి దగ్గరి చుట్టమే. అది 2001లోనే నెదర్లాండ్స్‌లో బయటపడింది. ఆ వారం మా ల్యాబ్ ఫోను మోగుతూనే ఉంది, "కొత్తది కాదు నాయనా" అని చెప్పలేక చచ్చాను.

ఒక మాట. పీసీఆర్‌లో క్రిమి కనబడినంత మాత్రాన జబ్బు దానివల్లే అని కాదు. రైనో ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కులో కూడా దొరుకుతుంది. ఆర్‌ఎస్‌వి మాత్రం అలా ఊరికే కనబడడం తక్కువ.

రాయగడ తాత:

ఈ పుల్లలు, పీసీఆర్‌లు లేనప్పుడే మేం ఐదుగురు పిల్లల్ని పెంచాం. తమలపాకుకి ఆముదం రాసి దీపం మీద వెచ్చచేసి గుండె మీద వెయ్యండి. వాము వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టండి. మరీ పట్టేస్తే పాలల్లో ఒక్క చుక్క బ్రాందీ. ఇరవై ఏడు వేలంటే మా ఊళ్ళో దూడతో సహా ఆవొస్తుంది.

పర్లాకిమిడి సిస్టర్:

నాయనా, నేను పిల్లల వార్డులో 29 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను, అందరూ బతికే ఉన్నారు.

ముందు మీ అత్తమ్మగారికి జవాబు. మందు రాయలేదని ఎవరన్నారు? ఆక్సిజను మందు కాదా? గొట్టంలో పోసిన పాలు మందు కాదా? పెద్దవాళ్ళ ఊపిరిగొట్టం బొప్పాయి కాడ అనుకో. నీ కూతురి ఊపిరితిత్తి లోపలి చివరి గొట్టాలు వరిగడ్డి పరకలు. ఆర్‌ఎస్‌వి వెళ్ళి ఆ పరకల లోపలి పొరని తినేస్తుంది. చచ్చిన పొర, చీమిడి, వాపు, మూడూ కలిసి పరక పూడుకుపోతుంది. లోపలికి వెళ్ళిన గాలి బయటికి రాదు, పిల్లికూత అదే. అంత వాపే నాలుగేళ్ళ అన్నకీ వస్తుంది, కానీ వాడి గొట్టం వెడల్పు. పైగా వాడికి ఇదివరకోసారి తగిలే ఉంటుంది, ఒంటికి ఆ క్రిమి గుర్తు. అందుకే వాడికి రొంప, దీనికి ఆక్సిజన్. ఆ పొర మళ్ళీ పుట్టడానికి రోజులు పడుతుంది. అది పుట్టేదాకా పిల్ల అలిసిపోకుండా కాపు కాయడమే అక్కడ చేసిన పని. మూడో రోజు నించి ఐదో రోజు దాకా ముదురుతుంది, తర్వాత దిగుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉంటుంది. పాప పాలు తాగుతూ నవ్వుతోందంటే ఆ దగ్గు గురించి నిద్ర పాడుచేసుకోకు.

తిట్టేది ఒకటుంది, తిట్టేస్తాను. 86తో ఉన్న పిల్లని కారులో వేసుకుని శ్రీకాకుళం దాకా ఎందుకు పోయావు? గుణుపూర్లో సబ్ డివిజనల్ ఆసుపత్రి ఉంది, పర్లాకిమిడిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ముందు దగ్గర్లో ఎక్కడ ఆక్సిజన్ ఉంటే అక్కడ ఆగాలి. పెట్టించుకుని, అప్పుడు 108లో పోవాలి. మన సరిహద్దు జనానికి ఇదొక జబ్బు. ఏరు దాటితేనే వైద్యం అనుకుంటాం.

ఇప్పుడు సెల్‌ఫోను తీయి, నీ పనిముట్టే కదా. అందులో స్టాప్‌వాచ్ పెట్టు. పాప నిద్రపోతున్నప్పుడు, ఏడవనప్పుడు, చొక్కా పైకెత్తి పొట్ట చూడు. పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. నిండు నిమిషం లెక్కపెట్టు. అర నిమిషం లెక్కపెట్టి రెట్టించొద్దు, పసిపిల్లలు ఉండుండి ఊపిరి బిగబడతారు, లెక్క తప్పుతుంది. రెండు నెలల్లోపు పిల్లకి 60, రెండు నెలల నించి ఏడాది లోపు 50, ఏడాది నించి ఐదేళ్ళ దాకా 40. అంతకి చేరిందా, దాటిందా, ఆసుపత్రికి. ఆశా కార్యకర్తలకి నేర్పేదీ ఈ లెక్కే. లెక్కతో పాటు డొక్క చూడు. ఊపిరి పీల్చినప్పుడు కింది పక్కటెముకల దగ్గర గుంట పడుతోందా? పడితే లెక్క ఎంతున్నా బయల్దేరు. పాలు అసలు తాగకపోయినా, తాగిందంతా కక్కేసినా, మూలుగుతూ ఊపిరి వదిలినా, పెదాలు నీలంగా తిరిగినా, ఎంత లేపినా మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అసలు లెక్కే పెట్టొద్దు, పరుగెత్తు. రెండు నెలల్లోపు పసిగుడ్డుకి ఆర్‌ఎస్‌వి వస్తే ఆయాసం కూడా కనబడకుండా ఊపిరి ఆగి ఆగి వస్తుంది ఒక్కోసారి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి మరీ భయం.

యాంటీబయోటిక్ సంగతి. వైరస్ మీద అది పనిచేయదు. అలాగని ఆశా అమ్మాయో ఏఎన్‌ఎమ్మో ఊపిరి లెక్కపెట్టి అమాక్సిసిలిన్ మొదటి డోసు ఇచ్చి పంపిస్తే తప్పుపట్టకండి. కొండ మీద ఊళ్ళో ఎక్స్‌రే ఉండదు, పీసీఆర్ ఉండదు. వైరసో బాక్టీరియానో బయటికి చూస్తే తెలీదు, ప్రాణం ముందు. మీ ఆర్‌ఎంపీ చేసింది అది కాదు. ఆయన లెక్కా పెట్టలేదు, పెద్దాసుపత్రికి పొమ్మనీ అనలేదు. ఇంకోటి, జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం గట్టిగా కాసిందంటే వైరస్ వెనకాల బాక్టీరియా చేరిందేమో చూపించుకోవాలి. అప్పుడు యాంటీబయోటిక్ కావాలి. ఫ్లూ అయితే దానికి ఓసెల్టామివిర్ అని మందుంది, జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. అంటే వైరస్‌కి మందే లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆర్‌ఎస్‌వికి మాత్రం మామూలు పిల్లలకి వాడే మందు లేదు. ఎడినో వస్తే వారం దాకా జ్వరం వదలదు, కొందరి ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. 2023 మొదట్లో పక్కనున్న బెంగాల్లో పిల్లల వార్డులు దాంతోనే నిండిపోయాయి.

ఆ ఎర్ర మందు పారబొయ్యి. రెండేళ్ళలోపు పిల్లకి దగ్గుమందు అక్కర్లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు పసిపిల్లలు చనిపోయింది దగ్గుమందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం వల్లే, మూత్రపిండాలు దెబ్బతిని.

నా వార్డులో జరిగిందొకటి చెప్తాను. ఒక కార్తీక మాసంలో మంచానికి ఇద్దరు పిల్లలు. విరోచనాలతో చేరిన తొమ్మిది నెలల సవర పాప, పక్కన నీ కూతురిలాగే డొక్కలెగరేస్తున్న పిల్లాడు. వాడి ముక్కులో చీమిడి లాగడం, ఇటు తిరిగి పాప చేతికి సెలైను సరిచేయడం, రెండూ నేనే. మధ్యలో చేతులు కడుక్కున్నానా? ఒక్కోసారి కడుక్కున్నాను, ఒక్కోసారి లేదు. పంపు వరండా చివర ఉండేది. విరోచనాలు కట్టిన నాలుగో రోజు పాపకి ఆయాసం ఎత్తుకుంది. వాళ్ళమ్మ నాకేసి చూసి తన భాషలో ఏదో అడిగింది. ఆయా ఒడియాలో చెప్పింది, "ఈ జబ్బుతో రాలేదు కదా అంటోంది" అని. నేనేం జవాబు చెప్పాలి? పాప బతికింది, పదకొండు రోజులు పట్టింది. ఈ క్రిమి చేతి మీద అరగంటసేపు, మంచం కమ్మీ మీద గంటలపాటు బతికుంటుందని తర్వాత ఒక ట్రైనింగులో చెప్పారు. ఆ రోజు నించి నా జేబులో సబ్బుముక్క ఉండేది, అందరూ నవ్వేవారు. నీ కొడుకు అంగన్‌వాడీ నించి రాగానే చేతులు సబ్బుతో కడిగాకే చెల్లిని ముట్టుకోనివ్వు. రొంప ఉంటే ముద్దులు బంద్.

తాతగారూ, మీ మీద గౌరవం తగ్గక చెప్తున్నాను. తమలపాకు వేడి చెయ్యి పెట్టి చూసుకుని వేస్తే నష్టం లేదు, లాభమూ లేదు. తల్లి దగ్గర కూచుని ఆకు వెచ్చచేసే మనిషి ఉండటం మంచిదే. వాము మూట చర్మం కాలుస్తుంది. బ్రాందీ చుక్క మాత్రం వద్దే వద్దు, ఊపిరి మందగిస్తుంది. ఏడాదిలోపు తేనె కూడా నాకించొద్దు. నబరంగపూర్, కోరాపుట్ వైపు పిల్లల పొట్టమీద ఇంకా వాతలు పెడుతున్నారు. ఆ కాలిన పొట్టలకి డ్రెస్సింగు వేసిన చేతులివి.

సాంబ్రాణి విషయం అత్తమ్మగారికి నువ్వు చెప్పకు, మీ ఆవిడ చేత చెప్పించు. కొబ్బరిచిప్ప బొగ్గుల మీద వేసే ఆ పొగ, కట్టెల పొయ్యి పొగ, సిగరెట్టు, దోమల చుట్ట, ఏదైనా ఆ పరకల్లోకే పోతుంది. తల ఆరడానికి పొడి తువ్వాలు చాలు.

ఉప్పునీళ్ళ సీసా అందరికీ చూపిస్తోందన్నావు కదా, చూపించనీ. ఆర్నెల్లలోపు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే పీలుస్తారు. ముక్కు బిగిస్తే పాలు తాగలేరు. మీ ఆవిడకి పాలు లేక కాదు నాయనా, పిల్లకి ముక్కు లేక. పాలకి పది నిమిషాల ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో తుడిచి, అప్పుడు పట్టండి. ఎప్పుడూ తాగేదాంట్లో సగం, రెండింతలు సార్లు.

జైపూర్ అమ్మ:

సిస్టర్ గారూ, మా బాబుకి ఏడాదిన్నరప్పుడు రాత్రి హఠాత్తుగా కుక్క మొరిగినట్టు దగ్గు, గొంతు బొంగురు, పీల్చినప్పుడు గుర్రుమని శబ్దం. నేనూ డొక్కలే చూశాను. అది వేరే జబ్బు అన్నారు, క్రూప్ అట, పారాఇన్‌ఫ్లుయెంజా వల్ల. ఒక్క డోసు డెక్సామెథాసోన్ ఇచ్చారు, తెల్లారేసరికి దిగిపోయింది. గుణుపూర్ అన్నయ్య పాపకి స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వలేదు మరి?

పర్లాకిమిడి సిస్టర్:

క్రూప్‌లో వాపు పైన, గొంతుపెట్టె దగ్గర. స్టెరాయిడ్‌కి అది లొంగుతుంది. బ్రాంకియోలైటిస్‌లో పూడిక కింద, పరకల్లో. అక్కడ స్టెరాయిడ్, ఆవిరి పట్టే ఉబ్బసం మందు, రెండూ పెద్దగా పనిచేయవు. అయినా మేం ఏళ్ళ తరబడి పట్టాం. ఊరికే కూచున్నామని చుట్టాలు అనుకుంటారని.

బాబూ, పాల ఉబ్బసం అడిగావు. ఆర్‌ఎస్‌వి గానీ రైనో గానీ గట్టిగా వచ్చిన పిల్లల్లో కొంతమందికి మళ్ళీ రొంప పట్టినప్పుడల్లా పిల్లికూతలు వస్తాయి. ఎక్కువమందికి ఐదారేళ్ళు వచ్చేసరికి పోతాయి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే డాక్టరుకి చెప్పి ఉంచు. టీకా కార్డు తీసి చూడు: పెంటావాలెంట్ ఆరు, పది, పద్నాలుగు వారాలకి, పీసీవీ ఆరు, పద్నాలుగు వారాలకి పడ్డాయా? పీసీవీ 2021 నించి దేశమంతా ఉచితమే. అవి బాక్టీరియా నెమ్ముకి. తొమ్మిదో నెలలో పీసీవీ బూస్టరూ, తట్టు టీకా ఎంఆరూ మానకు, తట్టు కూడా వైరసే, దాని నెమ్ము చాలా చెడ్డది. ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా డబ్బు పెట్టి వేయించుకోవచ్చు. ఆర్‌ఎస్‌వికి 2023లో అమెరికాలో పసిపిల్లలకి ఒక యాంటీబాడీ సూదీ, గర్భిణులకి టీకా వచ్చాయి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేవు.

గుణుపూర్ నాన్న:

సిస్టరమ్మా, తిట్టినందుకు కోపం లేదు. గుణుపూర్ ఆసుపత్రి మా ఇంటికి పది నిమిషాలు. ఆ రాత్రి దాని గేటు ముందునించే పోయాం. మా బావమరిదికి మీరు రాసింది చదివి వినిపించాను, ఏమీ మాట్లాడలేదు.

కార్డు చూశాను. పద్నాలుగు వారాల సూదులు పడలేదు, అప్పుడు మా ఆవిడ పుట్టింట్లో ఉంది. బుధవారం వేయిస్తాను.

నిన్న రాత్రి లెక్కపెట్టాను, 36. మీరు చెప్పిందంతా అత్తమ్మకి మా ఆవిడ చెప్పింది. నమ్మలేదు, కానీ సాంబ్రాణి గిన్నె తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టింది. పొద్దున్న చూస్తే పాప పక్కన కూచుని, చొక్కా ఎత్తి, తనే లెక్కపెడుతోంది. మనసులో కాదు, పైకి, సంతలో తమలపాకులు లెక్కపెట్టినట్టు. ముప్ఫై రెండు దగ్గర పాప కళ్ళు తెరిచి ఏడుపు లంకించుకుంది.